ఏకాంతము – దాపరికము



వ్యసనపరునకును ఏకాంతమే కావలెను, ఉపాసకునకును ఏకాంతమే కావలెను. ఒకడు తలుపు మూసి సీసా మూత తీయును. మరియొకడు తలుపు మూసి హృదయము విప్పును. ఈ భేదమును నేడు యూదుల ప్రార్థనాసంప్రదాయము నుండి విచారింతము.

యూదులకు ప్రార్థన దినమునకు మూడు వేళల విధింపబడినది. త్రికాల సంధ్య నెరిగిన మనకు ఇది వింత కాదు. సామూహిక ప్రార్థనకు పూర్వాచారపరులలో పదిమంది పురుషులు కూడవలెను. హీబ్రూ భాషలోని ఆ వాక్యములు నియతములు. ఇంత నియమమున్న మతమునందే, 1772లో నేటి ఉక్రెయిన్ దేశమున జన్మించిన బ్రెస్లోవ్ రబ్బీ నహ్మాన్ అను గురువు మరియొక సాధనమును గూడ బోధించెను. దాని పేరు హిత్బోదెదూత్, అనగా ఒంటరిగా నుండుట. ప్రతిదినము ఒక గంటసేపు, రాత్రివేళ, జనులు లేని చోట, మాతృభాషలో దేవునితో మాటలాడవలెను. మాట రానిచో, రాలేదన్న సంగతినే విన్నవింపవలెను.

మేము అక్షరమైనను మారరాదని వేదము నేర్చినవారము. కనుకనే ఈ సొంత మాటల ప్రార్థన మమ్ము ఆలోచింపజేసినది. వ్యసనమునకు ప్రాణము దాపరికము. త్రాగువాడు భార్యతో "రేపటినుండి మానెద"నును. తనతో "ఒక్క గుక్కయే" యనును. సర్వము నెరిగిన వాని యెదుట ఆ మాటలకు పనిలేదు. "నేడును త్రాగితిని. మానవలెనన్న కోరికయు లేదు. ఆ కోరికనైనను ఇమ్ము" అని నోరార పలికిననాడు దాపరికము తొలిసారి సడలును.

అయితే ఇంతమాత్రము చాలదు. చిరకాలము అధికముగా త్రాగినవాడు హఠాత్తుగా మానినచో వణుకు, మూర్ఛ, చిత్తభ్రమ కలిగి ప్రాణాపాయము సంభవింపవచ్చును. వైద్యుని పర్యవేక్షణ తప్పనిసరి. అబ్రహాం ట్వెర్‌స్కీ (1930–2021) రబ్బీయు, మానసిక వైద్యుడును. ఆయన 1972లో అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతమున వ్యసనచికిత్సాలయమును స్థాపించెను. 1935లో ఆ దేశముననే ఆరంభమైన ఆల్కహాలిక్స్ అనానిమస్ వారి పండ్రెండు మెట్ల మార్గమును ఆయన ఆదరించెను. అందు ఐదవ మెట్టు తన దోషమును దేవునకు, తనకు, మరియొక మానవునకు నిజముగా చెప్పుకొనుట.

కావున రాత్రి దేవునితో పలికిన మాటను తెల్లవారిన పిమ్మట ఒక మనుష్యునితో పలుకవలెను. వినువారు నిందింపక వినవలెను. చెప్పువానికి ధైర్యమును, వినువానికి ఓర్పును సర్వేశ్వరుడు ప్రసాదించుగాక.

స్వస్తి.