డ్రాయింగు మాస్టారు రాకముందే



మన గోదావరి చిత్రకారుడు దామెర్ల రామారావుగారిని తలచుకుంటూ పసిపిల్లల చిత్రకళ గురించి మాట్లాడమన్నారు. ఆయన 1897లో రాజమహేంద్రవరంలో పుట్టారు. 1925లో మశూచి సోకి 27 ఏళ్ళకే కన్నుమూశారు. అక్కడి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాలు ఆస్వాల్డ్ కూల్డ్రే ఆయన చేతి పనితనం కనిపెట్టి, 1916లో బొంబాయి జె.జె. చిత్రకళాశాలలో చేర్పించారు. రామారావుగారు తిరిగి వచ్చి 1923లో రాజమండ్రిలోనే చిత్రకళాశాల పెట్టారు. ఇంట్లో భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా కుంచె పట్టారు. ఒక గురువు చూపు పడితే ఇంత జరిగింది. ఆ చూపు కాలేజీ దాకా ఆగకుండా, పలక పట్టిన రోజునుంచే ప్రతి బిడ్డమీదా పడాలన్నదే నా మనవి.

రెండేళ్ళ బిడ్డకు బొగ్గుముక్క దొరికితే గోడనిండా గీతలే. మూడు దాటాక ఆ గీత గుండ్రంగా తిరిగి కలుసుకుంటుంది. దానికి రెండు కళ్ళు, కింద రెండు కాళ్ళు పెడితే అమ్మ తయారు, మొండెంతో పనిలేదు. ఐదారేళ్ళకు కాగితం అడుగున నేల, పైన ఆకాశం వస్తాయి. కాలవ గీయమంటే రెండు గట్లమీది కొబ్బరిచెట్లూ చెరోవైపు పడుకున్నట్టు గీస్తారు. చెట్టు గట్టుమీద నిలబడుతుందని బిడ్డకు తెలుసు, తెలిసినదాన్నే గీసింది. ఇంటి గోడ గీసి, లోపల అన్నం తింటున్న నాన్ననూ చూపిస్తుంది. మనం తప్పని దిద్దబోయేదంతా నిజానికి ఆ బిడ్డ ఆలోచన. కళావిద్యా నిపుణుడు విక్టర్ లోవెన్‌ఫెల్డ్ 1947లో వచ్చిన తన పుస్తకంలో ఈ దశలను వరసగా వివరించారు. అంతకు చాలాముందే, రామారావుగారు పుట్టిన ఏడాదే, వియన్నాలో ఫ్రాంజ్ సిజెక్ అనే చిత్రకళా గురువు పిల్లలకోసం తరగతి తెరిచి, వాళ్ళ ఊహకు తోచింది గీయనిచ్చారు.

తొమ్మిది, పదేళ్ళు వచ్చేసరికి చాలామంది పిల్లలకు తమ బొమ్మ తమకే నచ్చదు. 'నాకు రాదండీ' అని పెన్సిలు పక్కన పెట్టేస్తారు. మన ప్రభుత్వ బడుల్లో డ్రాయింగు మాస్టారి పోస్టు హైస్కూల్లోనే ఉంది, ప్రాథమిక పాఠశాలలో లేదు. ధారాళంగా గీసే వయసులో పక్కన ఎవరూ ఉండరు. మాస్టారి దగ్గరికి చేరేనాటికి ఎందరో గీయడమే మానేసి ఉంటారు. 2020 జాతీయ విద్యావిధానం కళను పాఠాలతో కలిపి నేర్పమంది. ఆ పని మొదలుపెట్టవలసింది ఒకటో తరగతి టీచరమ్మే.

రంగుకూ రూపానికీ మన మురమళ్ళలో కొదవలేదు. వీరేశ్వరస్వామికి ఇక్కడ నిత్యకల్యాణం. మన పిల్లలు పెళ్ళిపందిరి, పూలదండలు, తలంబ్రాలు చూస్తూ పెరుగుతారు. సంక్రాంతి చుక్కలముగ్గులో లెక్క ఉంది. కనుమనాడు జగ్గన్నతోట తీర్థానికి కదిలే ప్రభల్లో వెదురు వంచే ఒడుపు ఉంది. కొబ్బరాకుతో బూర, వాచీ, కళ్ళజోడు చేసే పిల్లవాడి వేళ్ళకు పనితనం తెలుసు. వీటన్నిటినీ తరగతి గదిలోకి రానివ్వాలి.

ఉపాధ్యాయ మిత్రులారా, బోర్డుమీద మామిడిపండు గీసి, అందరిచేతా అదే గీయించకండి. సుద్దముక్క, బొగ్గు, పసుపు, ఆకుపసరు చాలు. బొమ్మ చూసి 'ఇదేంట్రా?' అనకండి, 'దీని కథ చెప్పు నాన్నా' అనండి. కథ చెబుతుంటే మాట పెరుగుతుంది. గీత తిప్పిన వేళ్ళకు అక్షరం తిప్పడం సులువవుతుంది. అమలాపురంలోని కోనసీమ చిత్రకళా పరిషత్ వంటి సంస్థల పోటీలు ఎదిగిన పిల్లలకు మంచి వేదికలు. పసివాళ్ళకు మాత్రం మొదటి బహుమతి, రెండో బహుమతి వద్దు. బొమ్మ వెనక తేదీ వేసి దాచండి. ఏడాది చివర ఆ బిడ్డ ఎదుగుదల మీకే కనబడుతుంది.

మరో రామారావు ఈ గడ్డన పుట్టవచ్చు, పుట్టకపోవచ్చు. నేను అడుగుతున్నది చిత్రకారులు కాబోని పిల్లలకోసం. రేపు బండారులంకలో మగ్గంమీద అంచు నేసే అమ్మాయికి, చెరువునీటి రంగు చూసి రొయ్య తీరు చెప్పవలసిన కుర్రవాడికి, ఆస్పత్రిలో రోగి ముఖం చూడవలసిన నర్సుకు నిదానంగా చూసే కన్ను కావాలి. చూసినదాన్ని తన తీరులో చెప్పే ధైర్యం కావాలి. ఆ రెండూ అలవడే వయసు ఇదే. కాబట్టి మన ఐ.పోలవరం మండలంలో ప్రతి అంగన్‌వాడీ, ప్రతి ప్రాథమిక పాఠశాల వారానికి ఒక గంట బొమ్మలకు కేటాయించాలి. పరీక్షలు దగ్గరపడ్డాయని ఆ గంటను లెక్కలకు ఇచ్చేయకండి. తల్లిదండ్రులారా, ఇచ్చేస్తే వెళ్ళి అడగండి. అది మీ బిడ్డకు రావలసిన చదువు.