జిడ్డు పైకే పోతుంది

శాలువా కప్పారు, సంతోషం. ఈ ఉక్కలో దాని అవసరం ఎంతన్నది వేరే సంగతి. హోటళ్ల వంటిళ్లు శుభ్రం చేసే వ్యాపారం పెడదామని మన ఆమదాలవలస కుర్రాళ్లు కొందరు ముచ్చట పడుతున్నారట. ఏ పనులు ఒప్పుకోవాలి, ఏవి వద్దనాలి, ఎంత పుచ్చుకోవాలి, ఈ మూడూ చెప్పమన్నారు. చెబుతాను.

అంట్లు తోమే పని ఒప్పుకోకండి. ఆ మనిషి ప్రతి హోటల్లోనూ ఉంటాడు. అతని కూలితో పోటీ పడితే మీకు సబ్బు ఖర్చు కూడా రాదు. చెయ్యి అందని చోటు చూసుకోండి. పొయ్యి మీద చిమ్నీ ఉంటుంది గదా. కింద జల్లెడలు, లోపల రేకు గొట్టం, చివర ఫ్యాను. పూరీ మూకుట్లోంచి లేచిన నూనె ఆవిరి ఆ గొట్టంలో చల్లారి పొరలు పొరలుగా పట్టేస్తుంది. యజమాని జల్లెడ దాకా తుడిపిస్తాడు, ఆ పైకి తలెత్తడు. ఎప్పుడో నూడుల్స్ మూకుట్లో మంట ఎగిసి జల్లెడ దాటితే గొట్టమంతా అంటుకుంటుంది. అమెరికాలో ఎన్‌ఎఫ్‌పీఏ అని అగ్నిప్రమాదాల మీద ప్రమాణాలు రాసే సంస్థ ఉంది. వాళ్ల 96వ నంబరు ప్రమాణంలో గొట్టం ఎన్నాళ్లకోసారి తనిఖీ చేయాలో ఉంది. కట్టెల మీద, బొగ్గుల మీద వండేచోట నెలకోసారి, రాత్రింబవళ్లు పొయ్యి వెలిగేచోట మూడు నెలలకోసారి, ఓ మోస్తరు హోటలుకి ఆరు నెలలకోసారి, పండగలకే వండేచోట ఏడాదికోసారి. మీ క్యాలెండరు అదే అనుకోండి. ఇలా కట్టిన గొట్టాలు ఆమదాలవలసలో ఎన్ని దొరుకుతాయి? శ్రీకాకుళానికి బస్సు, విజయనగరం, విశాఖపట్నాలకి రైలు ఎక్కాల్సిందే.

అన్నట్టు ఈ హాలు ఫ్యాను రెక్కలు ఒకసారి చూడండి. వద్దులెండి, భోజనాల ముందు ఆ మాటెందుకు.

గిన్నెలు వద్దన్నాను గాని, ఒక్క పనికి మినహాయింపు. కళాయి, అంటే ఇత్తడి గిన్నెకి తగరం పూత. పెద్దవాళ్లకి చెప్పక్కర్లేదు, మీ అందరి ఇళ్లలోనూ గంగాళాలు ఉండే ఉంటాయి. కళాయి వేసేవాడు వీధిలో చిన్న గుంట తవ్వి, బొగ్గులు పోసి, తోలు తిత్తి ఊదేవాడు. ముందు గిన్నెను చింతపండుతో, ఇసకతో రుద్ది చిలుమంతా వదలగొట్టేవాడు. గిన్నె కాలాక నవాసాగరం పొడి చిటికెడు చల్లితే తెల్లటి పొగ గుప్పుమని, పిల్లలం దగ్గుతూ కూడా అక్కడే నిలబడేవాళ్లం. తగరం 232 డిగ్రీల దగ్గర కరుగుతుంది. అతని దగ్గర థర్మామీటరెక్కడిది? కడ్డీ కొసను గిన్నెకి తాకించి చూసేవాడు. జారిందా, వేడి సరిపోయింది. దూది ఉండతో ఒక్క తిప్పు తిప్పితే గిన్నె లోపలంతా వెండి రంగు పాకేది. ఆ పూత ఉంటే ఇత్తడిలో పులుసు కాచినా చిలుం ఎక్కదు. సరవకోట మండలం బుడితిలో ఇత్తడి, కంచు పనివారి చేతి పనికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మన జిల్లా పేరు నిలబెట్టిన చెయ్యి అది. ఆ ఊరి గంగాళం పెళ్లిళ్ల వంటల్లో ఎన్నిచోట్ల కనబడుతోందిప్పుడు? సాంబారు అల్యూమినియం డేగిసాలో, పెరుగు ప్లాస్టిక్ డబ్బాలో. కుర్రాళ్లూ, మీలో ఒక్కడైనా పాత మనిషిని వెతికి పట్టుకుని కళాయి నేర్చుకోండి. ఇత్తడి బిర్యానీ హండాలు వాడే హోటళ్లకి ఇవాళ ఆ మనిషి దొరకడం లేదు.

అల్యూమినియం అన్నాను గదా, రెండో సంగతి అక్కడే ఉంది. జిడ్డుకి కాస్టిక్ సోడా బాగా పనిచేస్తుందని చిమ్నీ జల్లెడలన్నీ అందులో ముంచేస్తారు. స్టీలైతే తట్టుకుంటుంది. అల్యూమినియమైతే బుడగలు కక్కి, నల్లబడి, కరిగిపోతుంది. ముంచే ముందు జల్లెడ దేనిదో చూడండి. బ్లీచింగు పొడినీ యాసిడ్‌నీ ఒక్కచోట కలిపారా, వచ్చేది క్లోరిన్, గదిలో నిలబడలేరు. ఇక సెప్టిక్ ట్యాంకులోకి మనిషిని దింపే పని ఎంతిస్తామన్నా వద్దు. రక్షణ సామగ్రి లేకుండా దింపితే, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం ప్రకారం అది నేరం. నేరం కాకపోయినా వద్దనే చెబుతాను.

వెనక గారెలు వేగుతున్నట్టున్నాయి. ఆ నూనె ఎన్నోసారి కాగుతోందో మరి. మళ్లీ మళ్లీ కాగితే పేరుకునే పోలార్ పదార్థాలు 25 శాతం దాటిన నూనె వంటకి పనికిరాదని 2018 నుంచి నిబంధన ఉంది. వాడేసిన నూనెను బయోడీజిల్‌కి పంపే ఏర్పాటు కూడా అదే ఏడాది మొదలైంది. హోటలు వాళ్ల నూనె డబ్బాలు మీరే పోగుచేసి, అనుమతి ఉన్న సేకరణదారుకి అప్పజెప్పండి. ఈ పనిని ఎవరూ లెక్కలో వేసుకోవడం లేదు. రోడ్డు పక్క బజ్జీల బండికి మాత్రం అమ్మకండి.

చీటీ వచ్చింది, ముగించమంటున్నారు. ధర సంగతి మిగిలిపోయింది. ఫోన్లో రేటు చెప్పకండి. వెళ్లి గొట్టం పొడవెంతో, ఎన్ని మలుపులున్నాయో, చెయ్యి పెట్టడానికి మూతలున్నాయో లేవో చూడండి. మూతలు లేకపోతే రేకు కోసి బిగించే మేస్త్రీ కూలి ముందే కలిపి చెప్పండి. పని అయ్యాక గొట్టం లోపల ఫొటో తీసి యజమానికి చూపించాకే డబ్బు అడగండి.