అమడలకు రెండు పుటలు



ఒకే కాన్పున ఇద్దరు బిడ్డలు కలిగినచో వారిని మనము అమడలనియు, కవలలనియు పిలుచుచున్నాము. ఊరివారి కన్నులకు వారొక జంట. కాని వైద్యునకును చట్టమునకును వారిద్దరు వేర్వేరు మనుష్యులు. ఈ భేదమును మరచుటవలన కలుగు హానిని గూర్చియు, ఆస్పత్రి లెక్కలలో దానిని నివారించు సంకేతాంకములను గూర్చియు నేడు విన్నవించెదను.

ముందుగా శస్త్రచికిత్సను గూర్చి ఒక మాట. గర్భమున ఇద్దరున్నంత మాత్రమున కడుపు కోసి తీయవలయునను నియమము లేదు. మొదటి బిడ్డ తల క్రిందుగా నున్నచో సహజప్రసవము పెక్కుమందికి సాధ్యము. అట్టి తల్లులకు ముందుగా నిశ్చయించి చేసిన శస్త్రచికిత్సవలన శిశువులకు అధికలాభ మేమియు కలుగలేదని 2013లో ప్రకటింపబడిన పలుదేశముల పరిశోధన తెలిపినది. మొదటి బిడ్డ అడ్డముగా నున్నను, ఇద్దరును ఒకే ఉమ్మనీటి సంచిలో నున్నను సాధారణముగా శస్త్రచికిత్సయే మార్గము. ఏది తగునో వైద్యులు నిర్ణయింతురు. ఇంటియొద్ద అమడల కాన్పు మాత్రము తగదు. మిక్కిలి సాగిన గర్భాశయము ప్రసవానంతరము చక్కగా ముడుచుకొనక రక్తస్రావ మధికమగు భయము కలదు.

ఇక లెక్కల మాట. వ్యాధులను, కాన్పులను దేశములన్నియు ఒకే తీరున వ్రాసికొనుటకు ఒక అంతర్జాతీయ వర్గీకరణము కలదు. 1893లో జాక్ బెర్టియాన్ సమర్పించిన మరణకారణముల పట్టిక దీనికి మూలము. 1948 నుండి ప్రపంచ ఆరోగ్యసంస్థ దీనిని నిర్వహించుచున్నది. పొలమునకు సర్వే నంబరును, అందులో ఉపవిభాగమును ఉన్నట్లే ఇందును అంకెయు, దాని భాగమును ఉండును. పదియవ సవరణమున ఓ-84 అనగా బహుశిశు ప్రసవము. ఓ-84.2 అనగా బిడ్డలందరును శస్త్రచికిత్సచే పుట్టిరని అర్థము. అమడలిద్దరును సజీవులైనచో జెడ్-37.2, ఒకరు మాత్రమే సజీవముగా పుట్టినచో జెడ్-37.3. ఇవి తల్లి పుటలోనివి. ఆస్పత్రిలో సజీవముగా పుట్టిన ప్రతి అమడ శిశువునకును తన పుటలో జెడ్-38.3 అని వేరుగా వ్రాయవలయును. 2022లో పదునొకండవ సవరణము అమలులోనికి వచ్చినది. అంకెలు మారినను, ఎవరి పుట వారికుండవలయునను ధర్మము మారలేదు.

ఈ అంకెలతో మనకేమి పని అని మీరడుగవచ్చును. ఒక బిడ్డ 2,600 గ్రాములును, రెండవది 1,700 గ్రాములును తూగినవనుకొనుడు. ‘కవలలు, క్షేమము’ అని ఒక్క పంక్తిలో వ్రాసినచో పెద్దబిడ్డ చాటున చిన్నబిడ్డ బలహీనత మరుగుపడును. 2,500 గ్రాములకు తక్కువ తూగిన శిశువునకు వెచ్చదనము, తల్లిపాలు, మాటిమాటికి తూకము అత్యవసరములు. అట్టి శిశువును తల్లి రొమ్మునకు చర్మము తాకునట్లు హత్తుకొనవలయును. తల్లి గాయముతో అలసియున్నపుడు తండ్రియో, అమ్మమ్మయో ఆ పని చేయవచ్చును. తల్లి పుటయు అంతే ముఖ్యము. మరుసటి కాన్పు ఏ ఊర జరిగినను, గర్భాశయముపై మునుపటి కోత కలదని అచ్చటి వైద్యునకు తెలియవలయును గదా.

చట్టమును ఇట్లే చెప్పుచున్నది. 1969 నాటి జననమరణముల నమోదు చట్టము ననుసరించి జననమును 21 దినములలో తెలుపవలయును. అమడలైనచో ప్రతిబిడ్డకు వేరు పత్రము నింపి, అమడల కాన్పు అని అందు సూచింపవలయును. 2023 అక్టోబరు 1న గాని, ఆ తరువాత గాని పుట్టినవారికి బడిలో చేరుటకు పుట్టినతేదీని రుజువుచేయు పత్రము ఈ జననపత్రమే. ఒక్క బిడ్డకే నమోదు జరిగినచో రెండవ బిడ్డకు ఆ రుజువు కొరవడును.

కావున పెద్దలారా, మీ ఊరి తల్లి ఆస్పత్రి విడుచుటకు ముందు మూడు సంగతులు విచారింపుడు. ప్రతిబిడ్డకు పుట్టిన గడియ, వరుస, తూకము వేరుగా వ్రాసిరా? తల్లి కాగితమున శస్త్రచికిత్స, దాని కారణము వ్రాసిరా? రెండు జననములను నమోదునకు పంపిరా? అమడలను రామలక్ష్మణులని జోడించి ముద్దుగా పిలుచుకొనుడు. కాగితముపై మాత్రము ఎవరి పుట వారికి వ్రాయింపుడు.