బెంగను ఏ భాషలో చెప్పుకోవాలి?

(బళ్లారి జిల్లాలో తెలుగు తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నేను బడి పిల్లలకు మానసిక సలహాదారుగా పనిచేస్తున్నాను. మన ఇంట తెలుగు, బడిలో కన్నడం. రెండూ మన పిల్లలకు ఆస్తులే. అయితే బడి భాషలో పాఠాలు చక్కగా అప్పజెప్పే బిడ్డ సైతం, మనసులోని బాధ చెప్పవలసి వచ్చినప్పుడు అమ్మనుడినే వెదుక్కుంటుంది.

ఎనిమిదో తరగతి బాలిక ఒకతె రోజూ ఉదయం కడుపునొప్పి అనేది. పరీక్షల్లో ఏ లోపమూ కనబడలేదు. కన్నడంలో ఏమడిగినా "ఏమీ లేదు" అన్నదే జవాబు. "ఎవరిమీదైనా బెంగగా ఉందా తల్లీ?" అని తెలుగులో అడిగాను. దూరదేశం కూలికి వెళ్లిన అమ్మను తలచుకుని ఏడ్చింది. అవ్వతో మాట్లాడి, అమ్మ రోజూ ఒకే వేళకు ఫోను చేసేలా ఏర్పాటు చేశాం. క్రమంగా నొప్పి తగ్గింది.

నిద్ర, ఆకలి తప్పడం, ఆట మానడం, చిరాకు, మార్కులు పడిపోవడం రెండు వారాలు దాటితే ఉపేక్షించకండి. "పిచ్చివాళ్ల డాక్టరు" అన్న మాట ఇంట్లో వాడకండి. చావు మాట ఎత్తిన బిడ్డను నేరుగా, నెమ్మదిగా అడగండి. అడిగినందువల్ల ఆ తలంపు పుట్టదు. ఆ బిడ్డను ఒంటరిగా వదలక, వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి.

సలహాదారు బిడ్డతో విడిగా, తల్లిదండ్రులతో విడిగా, తర్వాత అందరితో కలిపి మాట్లాడతారు. అక్కడ బిడ్డ మాటలను తల్లిదండ్రులు, తల్లిదండ్రుల మాటలను బిడ్డ అనువదించే పరిస్థితి రాకూడదు. అమ్మానాన్నల ఎదుట చెప్పలేనివే చాలాసార్లు అసలు సంగతులు.

2022 అక్టోబరు 10న మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగును ఎంచుకోవచ్చు. ఏ రాష్ట్రంలో ఉన్నా ఇది వర్తిస్తుంది.

1980లలో బెంగళూరు నిమ్‌హాన్స్ జిల్లా స్థాయి మానసిక వైద్యాన్ని ప్రయోగించి చూసింది మన బళ్లారిలోనే. ఆ నమూనాపైనే 1996లో జాతీయ స్థాయిలో జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం వచ్చింది. దేశానికి దారి చూపిన జిల్లాలో తెలుగు బిడ్డ దుభాషి కోసం ఎదురుచూడవలసిన పని లేదు. చికిత్స వివరాలను అర్థమయ్యే భాషలో చెప్పాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 22వ సెక్షన్ నిర్దేశిస్తోంది. కనుక తెలుగు తెలిసిన సలహాదారు కావాలని జిల్లా ఆసుపత్రికి లిఖితపూర్వకంగా అర్జీ ఇద్దాం. ఇది కన్నడంపై ఫిర్యాదు కాదు, బిడ్డ ప్రాణానికి సంబంధించిన కోరిక.

ఈ రాత్రి ఇంటికి వెళ్లాక మార్కులు అడగకండి. "మనసెలా ఉంది?" అని మన భాషలో అడగండి. జవాబు వచ్చేదాకా పక్కనే కూర్చోండి.

సెలవు.