శరణాగత రక్షణము – ఒక కుందేలు చెప్పిన పాఠము



నేటి ప్రసంగ విషయము శరణాగత రక్షణము. శిబి చక్రవర్తి కథ మీకు క్రొత్తది కాదు. డేగకు వెరచి తన ఒడిలో వ్రాలిన పావురమును కాచుటకై ఆయన తన మాంసమునే కోసి తూచాడు. ఏబది సంవత్సరములుగా ఈ కథను చెప్పుచున్నాను. అయినను, అందలి ఒక విశేషమును నాకు గత సంవత్సరము ఒక కుందేలు నేర్పినది. నవ్వకండి, చెప్పెదను వినండి.

మా చిన్న మనుమరాలు ఒకనాడు వచ్చి, "తాతయ్యా, జంతువుల శరణాలయంలో ఒక కుందేలు ఉందట. దత్తత తెచ్చుకుందామా?" అని అడిగినది. నేను వలదన్నాను. భరత మహారాజు లేడిపిల్లను పెంచి, ఆ మమకారముతోనే దేహము చాలించి, లేడియై జన్మించినాడు గదా అని భాగవతమును అడ్డుపెట్టాను.

నిజము చెప్పవలెనన్న, అది శాస్త్రము చాటున దాగిన భయము. ఇరువది సంవత్సరముల క్రిందట మా పెద్ద మనుమనికి సంతలో ఒక కుందేలును కొని ఇచ్చాను. ముద్దుగా ఉన్నదని అన్నము, బెల్లము, కారెట్ ముక్కలు పెట్టాము. రేకుల పంచలో పంజరమునందు ఉంచాము. వైశాఖ మాసము దాటలేదు. ఒక మధ్యాహ్నము అది కదలక పడియున్నది. "తాతయ్యా, మనమేం తప్పు చేశాం?" అని పిల్లవాడు అడిగాడు. నాకు జవాబు తెలియలేదు.

మనుమరాలు పట్టు విడువలేదు. శరణాలయమునకు పోయితిమి. అక్కడి యువతి వరుసగా ప్రశ్నలు అడిగినది. ఇంటిలో చల్లని చోటు ఉన్నదా? కుక్కలు, పిల్లులు ఉన్నవా? మీరు ఊరికి పోయిన ఎవరు చూచెదరు? "కుందేలు ఎనిమిది నుంచి పన్నెండేళ్ళు బతుకుతుందండీ. ఇది ఇప్పటికే రెండిళ్ళకు వెళ్ళి తిరిగొచ్చింది" అన్నది. వేదము చదివినవానిని పరీక్షించుటయా అని నాకు కోపము వచ్చినది. నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళన్నట్లు కూర్చున్నాను.

పిదప దత్తత అన్న మాటపై మనస్సు నిలిచినది. ధర్మశాస్త్రమున ఆ మాటకు ఎంత బరువున్నది! 1956 నాటి హిందూ దత్తత చట్టము సైతము సక్రమముగా జరిగిన దత్తతను రద్దుచేయ వీలులేదనుచున్నది. కుందేలుకు ఆ చట్టము వర్తింపదు, ధర్మము వర్తించును. కోపము మాని ఆమె చెప్పినది విన్నాను.

కుందేలుకు ప్రధానాహారము ఎండుగడ్డి. కారెట్లు, పండ్లు కొద్దిగా మాత్రమే పెట్టవలెను. దాని దంతములు జీవితాంతము పెరుగుచుండును. గడ్డి నమలుటచేత అరుగును. ఒక పూట తినకున్నను ప్రేగుల కదలిక మందగించి ప్రాణాపాయము కలుగవచ్చును. వెంటనే పశువైద్యునికి చూపవలెను. అది మనవలె చెమటపట్టి చల్లబడలేదు. చెవులద్వారా వేడిని విడుచును. కనుక మన ఎండలకు తాళలేదు. చెవులు పట్టి ఎత్తరాదు. పెంపుడు కుందేలు ఐరోపా జాతిది. మన పొలములలోని చెవులపిల్లి వేరు. విసుగెత్తి అడవిలో విడిచిన అది బ్రతుకుట కల్ల.

వినుచుండగా నాటి రేకుల పంచ నా కన్నులయెదుట నిలిచినది. మాకు దయ లేక కాదు, తెలివిడి లేక ఆ ప్రాణి పోయినది. భరతుని కథయును అపుడే స్పష్టమైనది. సింహగర్జనకు బెదరి తల్లి దూకగా నదిలో పడిన లేడిపిల్లను ఎత్తుట ఆయన దోషము కాదు. క్రమముగా నిత్యకర్మలను విడిచి, దానియందే చిత్తమును లగ్నము చేయుట దోషము. నియమముతో చేయు పోషణము అనుష్ఠానమునకు అడ్డు రాదు. భూతయజ్ఞమును పంచమహాయజ్ఞములలో చేర్చిన పెద్దలు ఊరక చేర్చలేదు.

ఇప్పుడు ప్రాతఃసంధ్య ముగిసిన పిదప దాని గడ్డి మార్చుట నా వంతు. రెండు నెలలు అది నా దరికి రాలేదు. మూడవ నెలలో ఒక వేకువన, పారాయణము చేయుచుండగా వచ్చి నా పాదము ప్రక్కన ఒరిగినది. ఆనాడే పెద్ద మనుమనికి ఫోను చేసి, "నాయనా, నీవు అడిగినదానికి జవాబు దొరికింది. ప్రేమించాం, తెలుసుకోలేదు" అన్నాను. వాడు కొంతసేపు మాటాడలేదు. "ఈసారి వచ్చినప్పుడు చూస్తాను తాతయ్యా" అన్నాడు.

కావున మహాశయులారా! పిల్లలు అడిగిరని తొందరపడి కొనకండి. ముందు తెలిసికొనండి, శక్తి ఉన్న, శరణాలయమున ఎదురుచూచు ప్రాణికి ఇంట చోటు ఇవ్వండి. పోషింపలేనివారు గడ్డికో, వైద్యమునకో ఇచ్చినను అది పుణ్యమే.

స్వస్తి.