నీళ్ళ బాయిలర్లకు మూడు ఫేజుల కరెంటు
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెళ్ళిళ్ళకూ వలీమాలకూ సరుగుడు కట్టెలు ఎగదోసి డేగిసాల్లో నీళ్ళు కాచడం మన కళింగపట్నం వైపు పెద్దలందరికీ ఎరుకే. ఇప్పుడు షాదీఖానాలకూ హోటళ్ళకూ పెద్ద కరెంటు బాయిలర్లు వస్తున్నాయి. వాటిని మూడు ఫేజులకు మారిస్తే బిల్లు తగ్గుతుందని చాలామంది అనుకుంటున్నారు. తగ్గదండీ. 200 లీటర్ల నీటిని 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవాలంటే 8 యూనిట్ల పైచిలుకు కావలసిందే, ఏ ఫేజు మీదనైనా సరే.

మరి లాభమేమిటి? 9 కిలోవాట్ల బాయిలరు 230 వోల్టుల ఒక్క ఫేజు మీద 39 ఆంపియర్లు లాగుతుంది. వైర్లూ స్విచ్చీ వేడెక్కుతాయి, అదే ఫేజు మీదున్న ఇళ్ళలో లైట్లు మందగిస్తాయి. మూడు ఫేజులకూ పంచితే ఒక్కోదాని మీద 13 ఆంపియర్లే. 3 కిలోవాట్లదానితో పావుతక్కువ మూడు గంటలు పట్టే పని గంటలోపు అవుతుంది.

అన్ని బాయిలర్లనూ ఇలా మార్చలేం. లోపల ఒకే ఎలిమెంటు ఉంటే దాన్ని పంచడానికేముంది? మూడు సమానమైన ఎలిమెంట్లుండాలి. వాటి మీద ఎన్ని వోల్టులని రాసుందో ముందు చూడాలి. 230 వోల్టులవైతే మూడింటినీ కలిపే రాగి పట్టీ తీసేసి, ఒక్కో కొనను ఎరుపు, పసుపు, నీలం ఫేజులకిచ్చి, రెండో కొనలన్నీ న్యూట్రల్‌కి చేర్చాలి. దీన్ని స్టార్ అంటారు. పొరపాటున డెల్టా వేస్తే ఎలిమెంటుకి 400 వోల్టులు తగులుతాయి, వేడి మూడింతలై అది కాలిపోతుంది.

అసలు భయం థెర్మోస్టాట్ దగ్గరుంది. పాతది ఒక్క వైరునే తెంపుతుంది. దాన్ని అలాగే వదిలేస్తే ఒక ఫేజు ఆగినా మిగతా రెండు ఎలిమెంట్లు కాగుతూనే ఉంటాయి. ఆపైన సేఫ్టీ వాల్వు ఉప్పు పట్టి బిగిసిపోయిందంటే టాంకీ పగలొచ్చు, పక్కన వంటవాళ్ళూ పిల్లలూ ఉంటారు గదా! అందుకని మూడు ఫేజులనూ ఒకేసారి తెంపే కాంటాక్టరు పెట్టించి, థెర్మోస్టాట్‌తో దాన్ని నడిపించాలి. డబ్బు మిగులుతుందని ఇది మానేసే మేస్త్రీని మేమైతే గుమ్మం తొక్కనివ్వం.

ఎర్తు సంగతి మన తీరంలో మరీ ముఖ్యం. ఉప్పుగాలికి బిగింపులు తుప్పుపట్టి వదులవుతాయి. ఏటా విప్పి, గీకి, మళ్ళీ బిగించాలి. 30 మిల్లీ ఆంపియర్ల లీకేజీకే పడిపోయే బ్రేకరు కూడా ఉంటే, తడి చేత్తో కుళాయి తిప్పేవాడికి రక్షణ.

2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను మన ఊరికి ఉత్తరంగానే తీరం దాటింది. అలాంటి గాలివానల తర్వాత న్యూట్రల్ తెగిందేమో చూడనిదే బాయిలరు వేయవద్దు. మూడు ఎలిమెంట్లూ సమానమైతే బాయిలరుకేమీ కాకపోవచ్చు గాని, అదే లైను మీద లైట్లూ ఫాన్లూ మాడిపోతాయి.

ఇక కాగితం పని. బాయిలరు కొనకముందే విద్యుత్ పంపిణీ సంస్థ ఆఫీసులో అదనపు లోడుకి దరఖాస్తు పెట్టాలి; మూడు ఫేజుల మీటరు వచ్చాకనే, లైసెన్సున్న ఎలక్ట్రీషియన్ చేత పని చేయించాలి. ఎవరి దగ్గరైనా పాత బాయిలరుంటే దాని రేకు మీది అంకెలు రాసుకుని తెండి, భోజనాలయ్యాక కూర్చుని చూద్దాం.