కోత పండుగ ఎవరిది?

ఎవరి పేరిట ఈ స్మారకోపన్యాస నిధి నెలకొన్నదో ఆ పెద్దాయన గురించి మాట్లాడే హక్కు ఆయనతో కలిసి పనిచేసినవారిది. వారు ఇప్పటికే మాట్లాడారు. నేను చేర్చేది ఒక్కటే. పాస్టరేట్ కోశాధికారిగా ఆయన రాసిన జమాఖర్చుల పుస్తకాల్లోని చేతిరాత నాకు చాలా ఇష్టం. అంకె మీద అంకె దిద్దరు. తప్పు పడితే ఒక్క గీత కొట్టి, పక్కన సరైన అంకె వేసి, పొడి సంతకం చేస్తారు. గుమ్మడికాయ ఒకటి వచ్చినా తెచ్చినవారి పేరు, పాటలో కొన్నవారి పేరు, వచ్చిన పైకం మూడూ ఉంటాయి. ఆ మూడు గళ్ల మీద నాకు చాలాకాలంగా ఒక వాదన ఉంది. ఈ గౌరవాన్ని ఆ వాదన వినిపించడానికే వాడుకుంటున్నాను.

పల్లె సంఘపు ఏడాది ఎలా నడుస్తుందో ఈ సభలో ఎవరికీ చెప్పనక్కర్లేదు. ఆగమన కాలం, ఇంటింటికీ తిరిగే క్రిస్మస్ పాటల బృందాలు, వెదురుబద్దల నక్షత్రాలు, డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధన, భస్మ బుధవారంతో మొదలయ్యే శ్రమల దినాలు, మట్టల ఆదివారం, శుభ శుక్రవారం మధ్యాహ్నం ఏడు మాటల ధ్యానం, ఈస్టర్ తెల్లవారుజామున సున్నం కొట్టిన సమాధుల మధ్య కొవ్వొత్తులు, వేసవిలో పిల్లల వీబీఎస్ (సెలవుల బైబిలు బడి), పెంతెకొస్తు, నడుమ పాస్టరేట్ కమిటీ ఎన్నికలు, వాటి తగాదాలు, మళ్లీ ఆగమన కాలం. వీటిలో చాలావాటి పుట్టుక గురించి పేచీ లేదు. పేచీ అంతా కోత పండుగ మీదే. మన సంఘ చరిత్రలు దాన్ని ఒక పేరాలో ముగిస్తాయి. ఆ పేరా దాదాపు ప్రతిసారీ రెండు వాక్యాల్లో ఏదో ఒకదానితో మొదలవుతుంది: ఇంగ్లీషు దొరలు తెచ్చిపెట్టిన ఆచారం అని, లేదా సంక్రాంతికి క్రైస్తవ రూపం అని. ఈ రెండూ తప్పని నా వాదన.

మొదటిదాన్ని చూద్దాం. ఇంగ్లండులో కార్న్‌వాల్ ప్రాంతపు మార్వెన్‌స్టో గ్రామంలో రాబర్ట్ స్టీఫెన్ హాకర్ అనే గురువు 1843 అక్టోబరులో తన గుడిలో కోత కృతజ్ఞతారాధన జరిపారు. ఆ ఆచారం అక్కణ్ణుంచే ఇంగ్లండంతా పాకిందని సాధారణంగా చెబుతారు. అయితే చర్చి మిషనరీ సొసైటీ తరఫున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్స్ మచిలీపట్నంలో దిగింది 1841లో. లూథరన్ మిషనరీ హెయర్ గుంటూరు చేరింది 1842లో. ఇద్దరు ముగ్గురి రాకపోకల తేదీలతో వాదన గెలవాలని నాకు లేదు. తర్వాత వచ్చినవారు ఆ ఆచారాన్ని చూసే వచ్చారు, లూథరన్లకు జర్మనీ నుంచి తమ సొంత కోత కృతజ్ఞత ఉండనే ఉంది. ఆరాధన క్రమాన్ని మిషనరీలు ఇచ్చారంటే ఒప్పుకుంటాను. కానీ ఆరాధన క్రమం వేరు, పండుగ వేరు. 1662 నాటి ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకంలో కోత పండుగకు స్థానం లేదు. అందువల్ల బిషప్పు కార్యాలయం నుంచి తేదీ రావలసిన అవసరం మొదటినుంచీ లేదు. క్రిస్మస్ డిసెంబరు 25కి కట్టుబడింది, ఈస్టర్ చంద్రుడికి కట్టుబడింది. కోత పండుగ తేదీ మాత్రం పాస్టరేట్ కమిటీ కూర్చుని, చేలో పంటను చూసి, కూలీలకు గింజలు ఎప్పుడు అందుతాయో లెక్కేసి పెట్టుకునేది. కాలువ కింద సార్వా వరి కోసే డెల్టా ఊరికి ఒక ఆదివారమైతే, జొన్న, మిరప పండించే మెట్ట ఊరికి మరో ఆదివారం. ఏడాది మొత్తంలో తేదీ నిర్ణయించే అధికారం పూర్తిగా పల్లె పెద్దల చేతిలో ఉన్న పండుగ ఇదొక్కటే. దిగుమతి ఆచారమైతే తేదీ కూడా దిగుమతి అయ్యేది.

రెండో వాదన మరింత బలమైనది. మంచి ఉద్దేశంతో చేసేదీ అదే, కనుక దానికి ఎక్కువ సమయం ఇస్తాను. రెండో వాటికన్ మహాసభ తర్వాత కథోలికుల్లోనూ, అదే కాలంలో ప్రొటెస్టెంట్ వేదాంత కళాశాలల్లోనూ, స్థానిక సంస్కృతిని ఆరాధనలోకి తేవాలన్న ఆలోచన బలపడింది. కోత పండుగను ఆ ఆలోచనకు ముందే దొరికిన ఉదాహరణగా చూపడం అలవాటైంది. సంక్రాంతి పంట పండుగ, ఇదీ పంట పండుగ, క్రైస్తవులు దాన్ని వదులుకోలేక దీన్ని తెచ్చుకున్నారని ఆ వాదన. ఇది చెప్పేవారు సంక్రాంతిని రైతు ఇంటి లోపలి నుంచి చూస్తున్నారు. మాలపల్లె, మాదిగవాడల నుంచి చూడండి. తెలుగు ప్రొటెస్టెంట్ సంఘంలో అత్యధికులు వచ్చింది అక్కణ్ణుంచే. అక్కడ సంక్రాంతి అంటే రైతు ఇచ్చేది, తాము పుచ్చుకునేది. కనుమ నాడు పాలేరు కడిగి, కొమ్ములకు రంగులు వేసే ఎద్దులు అతనివి కావు. కళ్లంలో రాశి కొలిచేటప్పుడు చాకలికి, మంగలికి, మోటకు తోలు కుట్టిన మాదిగకు కొలిచే గింజలకు మేర అని పేరు. అది కూలి కాదు, బేరమాడే వీలు లేదు, ఎంత పోస్తే అంతే. ఆఖర్న కళ్లం ఊడ్చితే వచ్చే మట్టి కలిసిన అడుగు గింజలు, చేలో ఆడవాళ్లు వంగి ఏరుకునే పరిగె వీళ్ల పాలివి. నిజాం రాజ్యంలోని ఊళ్లలో దీనికి వెట్టి కూడా తోడు. ఏడాదికోసారి ఊరంతా చూస్తుండగా చేయి చాచి నిలబడాల్సిన చోటు కళ్లం.

ఇప్పుడు కోత పండుగ ఆదివారం గుడి చూడండి. అదే మనిషి, అవే గింజలు. తవ్వెడో మానెడో కొత్త గుడ్డలో మూట కట్టి, బలిపీఠం ముందు పరిచిన చాప మీద పోస్తాడు. అతని భార్య కాళ్లు కట్టిన కోడిపెట్టను దించుతుంది. వెనక పిల్ల చేతిలో రెండు కోడిగుడ్లు. నిన్నటిదాకా పుచ్చుకున్నవాడు నేడు ఇస్తున్నాడు, అదీ పదిమంది ముందు, పేరు పిలిపించుకుని, పుస్తకంలో రాయించుకుని. సంక్రాంతికి క్రైస్తవ రూపమే అయితే ఇక్కడా అతను పుచ్చుకునే వరసలోనే నిలబడాలి. ఈ పండుగ సంక్రాంతిని అనుసరించలేదు, కళ్లాన్ని తిరగేసింది. ద్వితీయోపదేశకాండము 26వ అధ్యాయాన్ని చూపి ఒక వేదాంత మిత్రుడు ఆక్షేపించవచ్చు. అక్కడ ప్రథమ ఫలాల గంప తెచ్చేవాడు భూమి పొందినవాడు, దాసత్వం నుంచి బయటపడి సొంత నేల మీద నిలబడి మాట్లాడుతున్నవాడు. మన కూలీకి సెంటు భూమి లేదు, ఆ అధ్యాయం అతనికి ఎలా వర్తిస్తుందంటారు. సరైన ప్రశ్నే. నా జవాబు: అతను ఆ అధ్యాయాన్ని రూతు గ్రంథంతో కలిపి విన్నాడు. పరిగె ఏరుకున్న పరాయి స్త్రీ కథ, గంప ఎత్తుకొచ్చిన రైతు కథ అతని గుడిలో ఒకే పండుగగా కలిశాయి. భూమి రాకముందే ఇచ్చేవాడి స్థానంలో నిలబడ్డాడు. ఇది పాఠాన్ని తప్పుగా అర్థం చేసుకోవడం కాదు, పాఠం కన్నా ఒక అడుగు ముందుండటం.

ఇక్కడ అజరయ్య గారిని తలవక తప్పదు. 1909లో తిరునెల్వేలి నుంచి దోర్నకల్ వచ్చి, 1912 డిసెంబరు 29న కలకత్తాలో ఆంగ్లికన్ సంఘపు తొలి భారతీయ బిషప్పుగా అభిషేకం పొందిన ఆయన, విదేశీ డబ్బు మీద కాక సొంత కానుకల మీద సంఘం నడవాలని జీవితాంతం పట్టుబట్టారు. కానుకల మీద ఒక పుస్తకమే రాశారు. దీని మీద ఒక ఘాటైన విమర్శ ఉంది. రెక్కాడితేగాని డొక్కాడని జనం మీద ఉపదేశి జీతం, గుడి మరమ్మతు, డయాసిస్ వాటా మోపి, దానికి భక్తి అని పేరు పెట్టారని. ఈ విమర్శను కొట్టిపారేయను. కరవు ఏడాదుల్లో కూడా వాటా కట్టమని ఒత్తిడి పెట్టడం న్యాయం కాదు, ఆ పని చేసినవారు ఉన్నారు. కానీ విమర్శకులు ఒక విషయం వదిలేస్తున్నారు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఇల్లాలు విడిగా కుండలో వేసే పిడికెడు బియ్యం, కోత పండుగ మూట, రెండిటికీ లెక్క ఉంది. లెక్క ఉన్నచోట అడిగే హక్కు పుడుతుంది. మిషన్ డబ్బుతో నడిచే గుడిలో గురువుగారిని నిలదీసే నోరు పల్లెకు లేదు. తన గింజలతో నడిచే గుడిలో ఉంది. మన పాస్టరేట్ సమావేశాల్లో గొంతులు లేస్తాయని ఈసడించుకునేవారు, ఊరి రచ్చబండ దగ్గర ఈ జనం కూర్చోవడానికి కూడా వీల్లేని రోజుల్లో, తమ డబ్బు ఏమైందని అడగడం ఎక్కడ నేర్చుకున్నారో ఆలోచించాలి.

తర్వాత, చాప మీది కానుకల వేలంపాట సంగతి. కోత పండుగకు ఇది మచ్చ అని, ఆరాధన తర్వాత గుడి ఆవరణ సంతలా మారుతుందని ఆక్షేపణ. ఉద్యోగం వచ్చినవాడు, దుబాయి నుంచి వచ్చినవాడు తన గొప్ప చూపించుకోవడానికి సొరకాయను వేలకు పాడతాడని, విధవరాలి గుడ్డు వెలవెలబోతుందని. గొప్పలు పోయేవారు ఉన్నారు, నిజం. అయితే పాట జరిగే తీరును దగ్గరగా గమనించండి. ఆ గుడ్డును ఒకాయన పాడుకుంటాడు, డబ్బు కడతాడు, గుడ్డును తిరిగి చాప మీద పెడతాడు. మళ్లీ పాట మొదలవుతుంది. మరొకాయన పాడుకుని తిరిగి ఇస్తాడు. ఒకే గుడ్డు నాలుగైదు చేతులు మారుతుంది. మొదట తెచ్చిన ముసలమ్మ పేరు ప్రతిసారీ పలుకుతారు. బజారు ధరకు, పాట ధరకు మధ్య ఉన్న తేడా అంతా కానుకే. చెరువు చేపలు, చింతచెట్ల కాపు, దుకాణాలు వేలం వేసే ఊరిలో పాట పాడే నోరు లేకపోయిన జనం, ఒకటోసారి, రెండోసారి అని కేక వేసే చోటు ఇది. దీన్ని రద్దు చేసి కవర్లలో డబ్బు వసూలు చేద్దామన్న పట్టణ సంఘాల ప్రతిపాదనను నేను గట్టిగా వ్యతిరేకిస్తున్నాను.

ఇక పండితులు. పి.వై. ల్యూక్, జాన్ కార్మన్ 1968లో ప్రచురించిన మెదక్ ప్రాంతపు పల్లె క్రైస్తవుల అధ్యయనం ఎంతో విలువైనది. క్రైస్తవులు గ్రామ దేవతల కొలుపుల్లో, ఊరి పండుగల్లో ఎలా పాలుపంచుకుంటారో ఓపికగా నమోదు చేసింది. అంతకుముందు 1933లో పికెట్ చేసిన సామూహిక మతాంతరణల పరిశీలనలోనూ తెలుగు ప్రాంతాలు ఉన్నాయి. నా తగవు ఈ గ్రంథకర్తలతో కాదు, వారిని ఉదహరించి పల్లె క్రైస్తవుడి మతం సగం సగమే అని తేల్చేవారితో. ఒక మనిషి ఎన్ని పండుగలకు వెళ్లాడో లెక్కపెడితే అతను ఎక్కడెక్కడ నిలబడ్డాడో తెలుస్తుంది. ఎలా నిలబడ్డాడో తెలియదు. కొలుపులో డప్పు కొట్టడం అతని మీద ఊరు మోపిన సేవ. కోత పండుగలో మూట దించడం అతను ఎంచుకున్న పని. రెంటినీ ఒకే పట్టికలో పక్కపక్కన వేయడం వల్లే ఆ తీర్పు వచ్చింది.

ఇవాళ పరిస్థితి మారింది. వరికోత యంత్రం వచ్చాక కళ్లమే లేదు, మేర లేదు, పరిగె ఏరే పని లేదు. కూలి డబ్బుల్లో వస్తుంది. కోత పండుగకు బజారులో కొన్న యాపిల్ పళ్లు, బస్తా బియ్యం తెస్తున్నారు. పండుగ అర్థం పోయిందని కొందరు బాధపడుతున్నారు. పోయిందో, మరో రూపం తీసుకుందో ఊహించి చెప్పడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే చూసి చెప్పే వీలుంది. ఆధారం పాస్టరేట్ బీరువాల్లో ఉంది. కోత పండుగ జమా పుస్తకంలో ఏ వస్తువు వచ్చింది, ఏ కొలతలో, ఎవరు తెచ్చారు, ఎంతకు పోయింది అన్న వివరం ఏడాదికేడాది ఉంటుంది. సోలలు, మానికలు, కుంచాలు పోయి కిలోలు వచ్చిన సంవత్సరం, అణాలు పోయి 1957లో నయాపైసలు వచ్చిన సంవత్సరం, కాలువ నీళ్లు వచ్చి జొన్న తగ్గి వరి పెరిగిన సంవత్సరం ఆ గళ్లలో కనిపించాలి. భూమి లేనివారి ఇంటి ఆర్థిక స్థితిని వారి చేతులమీదుగానే నమోదు చేసిన దస్తావేజులు తెలుగునాట చాలా తక్కువ. రెవెన్యూ రికార్డుల్లో పట్టాదారే ఉంటాడు. ఈ పుస్తకాలను ఫొటో తీసి, అంకెలను పట్టికలకెక్కించి, ప్రాంతాల వారీగా సంపుటాలుగా తేవడమే నేనిప్పుడు చేస్తున్న పని. ఈ ఉపన్యాసం ఆ పనికి ముందుమాట అనుకున్నా నాకు అభ్యంతరం లేదు.

ఈ సంపుటాల పనికి వచ్చిన అభ్యంతరాల్లో బరువైనది ఒకటే ఉంది. 1950 ఆగస్టు 10 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకు పరిమితం చేసింది. తర్వాత 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు వర్తింపజేశారు గాని, క్రైస్తవులకు ఇప్పటికీ లేదు. మన రాష్ట్రాల్లో దళిత క్రైస్తవులను వెనకబడిన తరగతుల సి గ్రూపులో చేర్చారు. ఈ స్థితిలో గుడి పుస్తకంలో పేరు కనబడటం ఒక కుటుంబానికి సర్టిఫికెట్ చిక్కు తేవచ్చు. పుస్తకాలు చూపించడానికి కొన్ని కమిటీలు వెనకాడుతున్నది ఇందుకే. ఆ భయం న్యాయమైనది, దాన్ని కాదనడం నా పని కాదు. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాను. మూడు గళ్లలో పేర్ల గళ్లు రెండూ ఫొటో దశలోనే కప్పేస్తాం. వస్తువు, కొలత, పైకం మాత్రమే పట్టికలోకి వస్తాయి. ఊరి పేరు బదులు సాగు రకం, తాలూకా ఉంటాయి. అసలు పుస్తకం పాస్టరేట్ బీరువా దాటి బయటికి రాదు. పేర్లు ఎప్పుడు బయటపెట్టాలో, అసలు పెట్టాలో వద్దో ఆ సంఘమే తేల్చుకుంటుంది. మొదటి సంపుటానికి 1957కు ముందరి పుస్తకాలు కావాలి. చెదలు ముందుగా పట్టేది వాటికే. ఇక్కడున్న కార్యదర్శులు ఈ కోత పండుగకు కమిటీ కూర్చున్నప్పుడు బీరువా ఒకసారి తెరిచి, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు పుస్తకాలు ఉన్నాయో ఒక కాగితం మీద రాసి పంపితే చాలు, మిగతా పనికి మా మనుషులు మీ ఊరే వస్తారు.